మాంత్రికుడితో ఒప్పందం చెల్లుతుందా? కాంట్రాక్టు చట్టాన్ని మన కథలతో చదువుకుందాం

భారత కాంట్రాక్టు చట్టం, 1872 పుస్తకం తెరిస్తే ప్రతి సెక్షన్ కిందా ‘ఏ’, ‘బి’ అనే ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఏ తన గుర్రాన్ని బికి అమ్ముతానంటాడు. బి తన ఇల్లు ఏకి రాసిస్తానంటాడు. మూడో రివిజన్ అయ్యేసరికి ఎవరు ఎవరికి ఏం అమ్మారో గుర్తుండదు, సెక్షన్ నంబర్లు మాత్రం తలలో గింగిరాలు తిరుగుతుంటాయి. లా ఆప్షనల్ తీసుకున్న మిత్రులకు రెండో పేపర్‌లో ఈ తిప్పలు తెలిసినవే.

నేను ఏ, బిలను పక్కన పెట్టేశాను. వాళ్ల స్థానంలో తోటరాముణ్ణి, నేపాళ మాంత్రికుణ్ణి, బలరాముణ్ణి, సుభద్రను, కైకేయిని కూర్చోబెట్టాను. మన జానపద సినిమాల్లోనూ పురాణ కథల్లోనూ కథంతా ఒక ‘మాట’ మీదే నడుస్తుంది. ఎవరో ఎవరికో మాట ఇస్తారు, దాని కోసం రాజ్యాలు పోతాయి, పెళ్లిళ్లు ఆగుతాయి, అడవులకు పోతారు. ఒప్పందాల చట్టానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏముంటుంది? పురాణ పాత్రలను బోనులో నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కథల్లోని మాటకూ, చట్టం చెప్పే ఒప్పందానికీ తేడా ఎక్కడుందో చూద్దాం. ఆ తేడా తెలియడం పరీక్షకే కాదు, ఇంటికి కూడా పనికొచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

చట్టం అడిగే ప్రశ్నలు

ముందు పునాది. సెక్షన్ 2(ఇ) ప్రకారం పరస్పరం ప్రతిఫలంగా నిలిచే వాగ్దానాలు కలిస్తే అది అగ్రిమెంట్. సెక్షన్ 2(హెచ్) ప్రకారం చట్టం ద్వారా అమలు చేయించుకోగలిగిన అగ్రిమెంట్ మాత్రమే కాంట్రాక్ట్. అంటే ప్రతి కాంట్రాక్టూ అగ్రిమెంటే కానీ, ప్రతి అగ్రిమెంటూ కాంట్రాక్ట్ కాదు.

మరి ఏది కాంట్రాక్ట్ అవుతుంది? సెక్షన్ 10 చెబుతుంది. ఇద్దరికీ అర్హత ఉండాలి, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ప్రతిఫలమూ ఉద్దేశమూ చట్టబద్ధమై ఉండాలి, చట్టం చెల్లదని ప్రకటించిన రకం కాకూడదు. సమ్మతి ఎప్పుడు స్వేచ్ఛగా ఇచ్చినట్టు కాదో సెక్షన్ 14 చెబుతుంది: బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు వివరణ, పొరపాటు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. “మాట నిలబెట్టుకున్నావా?” అనేది చట్టం అడిగే మొదటి ప్రశ్న కాదు. “ఆ మాట నీ నోటి నుంచి ఎలా వచ్చింది?” అన్నది మొదటి ప్రశ్న. మన కథలు మొదటి దాని మీద నడుస్తాయి, చట్టం రెండో దాని మీద నడుస్తుంది.

తోటరాముడు, మాంత్రికుడు

1951లో వచ్చిన పాతాళ భైరవి చూడని తెలుగువాళ్లు తక్కువ. విజయా వారి సినిమా, దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. తోటమాలి కొడుకు రాముడు ఉజ్జయిని రాకుమారిని ప్రేమిస్తాడు. తనతో సమానమైన సంపద తెస్తే పిల్లనిస్తానని రాజు షరతు పెడతాడు. నేపాళ మాంత్రికుడికి ఒక సాహసవంతుడైన యువకుడు కావాలి. నా వెంట వస్తే నీ కోరిక తీరుతుందని రాముణ్ణి తీసుకెళతాడు. అసలు ఉద్దేశం అతన్ని పాతాళ భైరవికి బలిచ్చి, కోరినదిచ్చే బొమ్మను తాను పొందడం.

దీన్ని కాగితం మీద పెడితే ప్రతిపాదన ఉంది, అంగీకారం ఉంది, రెండు వైపులా ప్రతిఫలం ఉంది. పైకి చక్కని ఒప్పందం. ఇప్పుడు సెక్షన్ 17 తీయండి. నెరవేర్చే ఉద్దేశం లేకుండానే వాగ్దానం చేయడం మోసం. తెలిసిన వాస్తవాన్ని పనిగట్టుకుని దాచడం కూడా మోసం. మాంత్రికుడు రెండూ చేశాడు. బతకని మనిషికి సంపద ఇస్తానన్నాడు, బలి సంగతి దాచాడు. సెక్షన్ 19 ప్రకారం మోసపోయినవాడు కోరుకుంటే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మార్కులు పోయేదీ ఇక్కడే. మోసం వల్ల ఒప్పందం ‘వాయిడబుల్’ అవుతుంది. అంటే మోసపోయినవాడు వద్దనుకునే దాకా అది బతికే ఉంటుంది. కావాలంటే అతను దాన్ని కొనసాగించుకోవచ్చు కూడా. కానీ ఈ ఒప్పందం అసలు లక్ష్యం నరబలి. కనుక సెక్షన్ 23 వస్తుంది. చట్టం నిషేధించిన ఉద్దేశంతో చేసుకున్న అగ్రిమెంట్ ‘వాయిడ్’, అంటే పుట్టుకతోనే చెల్లదు. రాముడు రద్దు చేసుకోవాల్సిన పనే లేదు. మొసలి రూపం నుంచి విముక్తి పొందిన కన్య నిజం చెప్పేసరికి రాముడు వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయినా అది మాట తప్పడం కాదు. అయితే సినిమాలో రాముడు మాంత్రికుణ్ణే బలిచ్చేస్తాడు. ఒప్పందం చెల్లదనడం వేరు, ఎదుటివాణ్ణి చంపే హక్కు రావడం వేరు. అక్కడ కాంట్రాక్టు చట్టం పక్కకు తప్పుకుని ఆత్మరక్షణ హక్కుకు దారిస్తుంది.

పరీక్షలో ఒక వాక్యం గుర్తుంచుకుంటే చాలు: సమ్మతిలో లోపం ఉంటే సాధారణంగా వాయిడబుల్, ఉద్దేశంలో లోపం ఉంటే వాయిడ్. ఇద్దరూ ఒకే ముఖ్య వాస్తవం గురించి పొరబడితే మాత్రం సెక్షన్ 20 కింద అది కూడా వాయిడే.

రాజు పెట్టిన షరతు మరో రకం. భవిష్యత్తులో ఒక ఘటన జరిగితేనే అమల్లోకి వచ్చే ఒప్పందం సెక్షన్ 31, 32ల కిందికి వస్తుంది. సంపద ఎలా సంపాదించాలో రాజు చెప్పలేదు, ఎంత అన్నదే చెప్పాడు. కాబట్టి బొమ్మ ఇచ్చిన సంపద చెల్లదని తర్వాత అనడానికి లేదు. కానీ తండ్రి డబ్బు పుచ్చుకుని కూతుర్ని ఇస్తాననే ఒప్పందం ప్రజా విధానానికి విరుద్ధం. ఇక్కడ రాజు డబ్బు పుచ్చుకోలేదు, అల్లుడికి ఉండాలన్నాడు. కథ అక్కడ తప్పించుకుంది. రాకుమారికీ రాముడంటే ఇష్టమే కాబట్టి ఇంకోసారి తప్పించుకుంది.

సుభద్ర కోర్టుకెళితే?

1957 నాటి మాయాబజార్‌లో బలరాముడు తన చెల్లెలు సుభద్రకు మాటిస్తాడు, శశిరేఖను అభిమన్యుడికే ఇస్తానని. పాండవులు జూదంలో అన్నీ పోగొట్టుకున్నాక ఆ మాట గాలికి పోతుంది. దుర్యోధనుడి కొడుకు లక్ష్మణ కుమారుడితో సంబంధం ఖాయమవుతుంది.

సుభద్ర ఆ మాట పట్టుకుని కోర్టుకెళితే గెలుస్తుందా? గెలవదు. మొదటిది, ప్రతిఫలం లేదు. దగ్గరి బంధువుల మధ్య ప్రేమాభిమానాలతో చేసిన వాగ్దానం ప్రతిఫలం లేకపోయినా చెల్లుతుందని సెక్షన్ 25(1) చెబుతుంది. కానీ అది రాతపూర్వకంగా ఉండి రిజిస్టర్ కావాలి. బలరాముడు నోటిమాట ఇచ్చాడు. రెండోది, ఇంకా ముఖ్యమైనది, ఆ మాట శశిరేఖ గురించి. మాట ఇచ్చినవాడు ఒకడు, దాని బరువు మోయాల్సింది ఇంకొకరు. ఒప్పందంలో లేని మనిషి మెడ మీద ఒప్పందం బాధ్యత పెట్టలేదు. సినిమా రావడానికి రెండేళ్ల ముందే వచ్చిన హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 12 ప్రకారం బలవంతంతోనో మోసంతోనో సమ్మతి తీసుకున్న పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. చట్టం దృష్టిలో అడగాల్సింది శశిరేఖనే. సుభద్రకు చట్టంలో దారి లేదు. అందుకే ఘటోత్కచుడు కావలసి వచ్చాడు.

ప్రతిఫలం గురించి ఇంకో మాట. ఇంగ్లండ్‌లో వాగ్దానం పొందినవాడే ప్రతిఫలం ఇవ్వాలి. మన సెక్షన్ 2(డి)లో ‘వాగ్దానం పొందినవాడు లేదా మరే వ్యక్తి అయినా’ అనే అర్థం ఉంది. మద్రాసు హైకోర్టు చిన్నయ్య వర్సెస్ రామయ్య కేసులో దీన్నే పట్టుకుంది. ఒక పెద్దావిడ కూతురికి ఆస్తి దానంగా ఇస్తూ, తన తోబుట్టువులకు ఏటా కొంత సొమ్ము ఇమ్మంది. కూతురు అలాగే రాసిచ్చి, తర్వాత ఇవ్వనంది. తల్లి ఇచ్చిన ఆస్తే ప్రతిఫలం, కనుక ఇవ్వాల్సిందేనని కోర్టు తేల్చింది. బలరాముడి మాట వెనక ఇలా ఎవరైనా ఏదైనా ఇచ్చి ఉంటే, ప్రతిఫలం లేదన్న అభ్యంతరం పోయేది. శశిరేఖ సమ్మతి ప్రశ్న మాత్రం అలాగే ఉండేది.

కైకేయి వరాలు, ఒక తెలుగు కుటుంబం కేసు

దశరథుడు యుద్ధంలో ప్రాణాపాయంలో ఉన్నప్పుడు కైకేయి కాపాడింది. సంతోషించి రెండు వరాలిచ్చాడు. ఆమె తర్వాత అడుగుతానంది. ఇది గతంలో జరిగిన పనికి ప్రతిగా ఇచ్చిన వాగ్దానం. ఎవరూ అడగకుండా తనంత తాను సాయం చేసినవారికి పరిహారం ఇస్తానన్న వాగ్దానం సెక్షన్ 25(2) కింద చెల్లుతుంది. ఇక్కడి దాకా కైకేయిదే పైచేయి.

కానీ ఏమిస్తాడు? ‘ఏదడిగితే అది’. సెక్షన్ 29 ప్రకారం అర్థం ఖాయంగా తెలియని, తెలుసుకునే వీలూ లేని అగ్రిమెంట్ చెల్లదు. ఖాళీ చెక్కు లాంటి వరం కథలో గొప్ప మలుపు తెస్తుంది, చట్టంలో నిలబడదు.

ఇక అడిగిన తీరు. కైకేయి కోపగృహంలో చేరి, ఇవ్వకపోతే ప్రాణం తీసుకుంటానంటుంది. సరిగ్గా ఇలాంటి బెదిరింపే 1917లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ. పేర్లు చూస్తేనే తెలుగు ఇల్లని తెలుస్తుంది. భర్త తాను చచ్చిపోతానని బెదిరించి, భార్య చేతా కొడుకు చేతా తన అన్నదమ్ముల వైపు ఆస్తి హక్కు వదులుకుంటున్నట్టు పత్రం రాయించాడు. అది సెక్షన్ 15 కింద బలవంతమా?

సెక్షన్ 15 ప్రకారం భారత శిక్షాస్మృతి నిషేధించిన పని చేయడం, చేస్తానని బెదిరించడం బలవంతం. ఒకరి ఆస్తిని అక్రమంగా పట్టి ఉంచడం, ఉంచుతానని బెదిరించడం కూడా బలవంతమే. ఆత్మహత్య చేసుకున్నవాణ్ణి శిక్షించలేం కాబట్టి అది శిక్షాస్మృతి ‘నిషేధించిన’ పని అవుతుందా అన్నది చిక్కు. ప్రధాన న్యాయమూర్తి వాలిస్, జస్టిస్ శేషగిరి అయ్యర్ అవుతుందన్నారు. ప్రయత్నించడమూ పురిగొల్పడమూ నేరాలైనప్పుడు అసలు పని నిషిద్ధం కాదనలేమన్నారు. జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ విభేదించారు. సెక్షన్‌ను దాని మాటల మేరకే చదవాలన్నారు. మెజారిటీ తీర్పుతో భార్యాకొడుకులు గెలిచారు.

ఈ కేసును కరెంట్ అఫైర్స్‌తో కలపండి. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత సెక్షన్ 309లో ఉన్న ఆత్మహత్యాయత్న నేరం ఇందులో అలా లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తేనే సెక్షన్ 226 కింద నేరం. అప్పుడు అమ్మిరాజు కేసు పునాదిలో ఒక రాయి కదిలినట్టే. నేనైతే జవాబులో సెక్షన్ 16ను కూడా చేరుస్తాను. ఇంట్లో ఒకరి మనసును లొంగదీసుకోగల స్థితిలో ఉండి, దాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొందడం అనుచిత ప్రభావం. అటు దారి మూసుకున్నా ఇటు దారి తెరిచే ఉంటుంది.

అంటే దశరథుడి మాట చట్టంలో నిలబడదు. అయినా రాముడు అడవికి వెళ్లాడు. అది చట్టం చేయించిన పని కాదు, ఎవరూ కోర్టుకు ఈడ్వలేదు. తనకు తాను పెట్టుకున్న నియమం కోసం వెళ్లాడు. ఈ తేడాను పట్టుకోండి, వ్యాసమంతా దీని మీదే ఉంది.

మా ఇంటికొచ్చిన కాగితం

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లున్నారు. నాన్న గూడ్స్ ఆఫీసులో క్లర్క్‌గా చేసి రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేశాక మంగ్లాలో అద్దెకుంటున్నాం. నాన్నకు మాట అంటే మాటే. సినిమాల్లో హరిశ్చంద్రుడు ఏడిపించినంతగా ఆయన్ను ఇంకెవరూ ఏడిపించలేదు.

మా చెల్లి డిగ్రీ కాగానే ఒక ప్రైవేటు కంపెనీలో చేరింది. మూడేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే రెండు లక్షలు కట్టాలని బాండ్. చేరిన రోజే పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ మార్కుల జాబితాల ఒరిజినల్స్ తీసుకుని రసీదు ఇచ్చారు. పద్నాలుగు నెలల తర్వాత రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షలో చెల్లి పాసైంది. డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కు పిలుపొచ్చింది. ఒరిజినల్స్ లేకుండా వెళ్లలేదు. కంపెనీని అడిగితే, రెండు లక్షలు కట్టు, లేదా కడతానని ఇంకో కాగితం మీద సంతకం పెట్టు, అప్పుడిస్తామన్నారు. చేతిలో ఇరవై మూడు రోజులున్నాయి.

“సంతకం ఎట్టీసినాక ఇంకేటుందమ్మా? అప్పో సప్పో సేసి కట్టీడమే,” అన్నారు నాన్న.

“కడితే అక్క పెళ్లికి చేసిన అప్పు మీద ఇంకో అప్పు నాన్నా,” అంది చెల్లి.

ఆ రాత్రి నేను కథలు పక్కన పెట్టి కాగితాలు ముందేసుకున్నాను. మూడు ప్రశ్నలు రాసుకున్నాను.

మొదటిది: బాండ్ చెల్లుతుందా? చెల్లదని ధీమాగా చెప్పడానికి లేదు. వృత్తి చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం సెక్షన్ 27 కింద చెల్లదు నిజమే. కానీ ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టే నిబంధన వేరని 1967లో నిరంజన్ శంకర్ గోలికరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వ రంగ బ్యాంకు మళ్లీ నియామకం చేపట్టాలంటే అయ్యే ఖర్చు, ఆ ఉద్యోగి హోదా అన్నీ అందులో లెక్కకు వచ్చాయి. కాబట్టి ‘బాండ్లన్నీ చెత్త కాగితాలే’ అని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మకండి.

రెండోది: రెండు లక్షలూ కట్టాల్సిందేనా? సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి మించకుండా సబబైన పరిహారం ఇవ్వాలి. 1963లో ఫతే చంద్ కేసు, 2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసు ఈ సెక్షన్‌కు మూలస్తంభాలు. నష్టమే జరగని చోట పరిహారం లేదని రెండో కేసు స్పష్టం చేసింది. చెల్లికి ఇచ్చిన శిక్షణ ఆరు రోజులు. ఆ ఆరు రోజుల ఖరీదెంతో కంపెనీ చూపించాలి.

మూడోది, అసలైనది: సర్టిఫికెట్లు పట్టి ఉంచే హక్కు ఉందా? ఇక్కడ రసీదు బయటికి తీశాం. అందులో ‘పరిశీలన నిమిత్తం’ అని రాసి ఉంది. ఒక ఉద్దేశంతో వస్తువును అప్పగిస్తే, ఆ ఉద్దేశం తీరగానే అడగకుండానే తిరిగివ్వాలని సెక్షన్ 160. బాకీ తీరేదాకా ఏ బాకీకైనా వస్తువు పట్టి ఉంచుకునే సాధారణ హక్కు సెక్షన్ 171లో ఎవరికుందో జాబితా ఉంది: బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు, రేవుల్లో సరుకు దించుకునేవారు, హైకోర్టు అటార్నీలు, పాలసీ బ్రోకర్లు. ఇంకెవరికైనా కావాలంటే స్పష్టంగా రాసుకోవాలి. ఉద్యోగమిచ్చినవాడు ఆ జాబితాలో లేడు. మా కాగితాల్లో అలాంటి రాతా లేదు.

నాన్నకు సెక్షన్లు చెబితే తల అడ్డంగా ఊపారు. అప్పుడు సెక్షన్ 72 కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ చెప్పాను. ఒక రైల్వే కంపెనీ సరుకు దించుకుంది. చట్టవిరుద్ధంగా ఎక్కువ ఛార్జీ కడితే తప్ప సరుకు వదలనంది. సరుకుదారు గత్యంతరం లేక కట్టాడు. ఎక్కువగా కట్టిన మేరకు అతను తిరిగి వసూలు చేసుకోవచ్చు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు గూడ్స్ షెడ్డులో ఆర్.ఆర్.లు చూసి సరుకు వదిలిన మనిషి. “డెమరేజీ ఉంటే డెమరేజీ రాయాల. అదీ రూలు పెకారం రాయాల. ఊరికే సరుకు ఆపీడానికి మనమెవలం?” అన్నారు. తర్వాత చెల్లి వైపు తిరిగి, “నోటీసు నెల జీతం ఎంతమ్మా? అది మాత్రం కట్టీయాల. అది నువ్వు ఒప్పుకున్నదే,” అన్నారు.

ఆ మాటతో దారి తెరుచుకుంది. చెల్లి ఒకటిన్నర పేజీల ఉత్తరం రాసింది. రాజీనామా చేస్తున్నాను, నోటీసు నెల జీతం మినహాయించుకోండి, శిక్షణకైన ఖర్చు వివరాలిస్తే సబబైనది మాట్లాడుకుందాం, పరిశీలన కోసం ఇచ్చిన సర్టిఫికెట్లు ఏడు రోజుల్లో తిరిగివ్వండి, కొత్త కాగితం మీద సంతకం చేయను అని. రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. పదకొండో రోజున సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. వెరిఫికేషన్‌కు వెళ్లొచ్చింది. రెండు లక్షల సంగతి ఇంకా తేలలేదు. నోటీసు వస్తే సెక్షన్ 74తో జవాబిస్తాం.

మాంత్రికుడు ఎక్కడ దొరుకుతాడు?

బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఒక దృశ్యం ఈ ప్రాంతంవాళ్లకు పరిచితమే. మూటలు, గిన్నెలు, చంటిపిల్లలతో కుటుంబాలకు కుటుంబాలే ఇటుక బట్టీలకు రైలెక్కుతాయి. చాలాచోట్ల ముందు అడ్వాన్స్ చేతిలో పడుతుంది. పని దొరికే ముందే అప్పు పుడుతుంది. తీసుకున్నామన్న ఒక్క మాట వాళ్లను సీజనంతా కట్టి పడేస్తుంది.

ఇది హరిశ్చంద్రుడి కథే, కాకపోతే దేవతలు పూలు చల్లని కథ. బాకీ కోసం ఆలుబిడ్డలను అమ్ముకుని తాను కాటికాపరి కావడం కథలో సత్యానికి పరాకాష్ఠ. రాజ్యాంగం 23వ అధికరణ మాత్రం వెట్టిని, మనుషుల అమ్మకాన్ని నిషేధించింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976 వెట్టిబాకీని తీర్చే బాధ్యతనే రద్దు చేసింది. 1982లో పీయూడీఆర్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించడం కూడా బలవంతపు చాకిరీయేనంది. ఆకలి కూడా ఒక బలవంతమేనని దాని సారం. సెక్షన్ 15లో లేని బలవంతాన్ని రాజ్యాంగం చూడగలిగింది.

రేపు మనలో ఒకరు సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ అయితే, 1976 చట్టం కింద నిఘా కమిటీ సమావేశంలో కూర్చుంటారు. ఎదురుగా యజమాని వేలిముద్రల పుస్తకం తెరిచి, “వీళ్లే ఒప్పుకున్నారు సార్” అంటాడు. ఆ క్షణంలో మనం అడగాల్సింది ‘ఒప్పుకున్నారా’ అని కాదు, ‘ఎలా ఒప్పుకున్నారు’ అని.

ఎథిక్స్ పేపర్‌కు ఇలా వాడుకోండి

జీఎస్ 4లో ‘చట్టం, నైతికత’ మీద ప్రశ్న వస్తే చాలామంది చట్టం కనీసం, నైతికత గరిష్ఠం అని రాసి వదిలేస్తారు. దానికి ఒక మెట్టు చేర్చండి. గరిష్ఠ ప్రమాణాన్ని ఎవరు ఎవరి మీద పెడుతున్నారు? రాముడు తన మీద తాను పెట్టుకున్నాడు, అది త్యాగం. కంపెనీ మా చెల్లి మీద పెట్టింది, అది ఒత్తిడి. నోటీసు నెల జీతం కట్టాలన్నది నాన్న మా ఇంటికి పెట్టిన ప్రమాణం, అది నిజాయతీ. ‘ఆడిన మాట తప్పరాదు’ అన్నది నేను పాటించడానికి నియమం, ఎదుటివాడి మెడకు తాడు కాదు. మాట అడిగేవాడికి కూడా ఒక ధర్మం ఉంది. దాన్నే చట్టం స్వేచ్ఛా సమ్మతి అంటుంది.

సాధన కోసం మూడు ప్రశ్నలు. ఒక్కోటి 150 పదాల్లో రాయండి.

1. తోటరాముడు బలి సంగతి తెలిసి కూడా సంపద ఆశతో గుహలోకి వెళ్లి ఉంటే, సెక్షన్ 17, సెక్షన్ 23ల ఫలితాల్లో ఏది మారుతుంది, ఏది మారదు?

2. ఆత్మహత్య బెదిరింపుతో రాయించిన పత్రం భారతీయ న్యాయ సంహిత వచ్చాక కూడా ‘బలవంతం’ కిందికి వస్తుందా? అమ్మిరాజు కేసు వెలుగులో చర్చించండి.

3. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బేతాళుడు విక్రమార్కుణ్ణి బెదిరిస్తాడు. రాజు నోరు విప్పితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుడు మాట్లాడటం భిక్షువుకిచ్చిన మాటను ఉల్లంఘించడమేనా? ఆ భిక్షువు అసలు ఉద్దేశం రాజును బలివ్వడమని గుర్తుంచుకుని రాయండి.